మంచు పడని ఊళ్లో గడ్డకట్టిన నది బొమ్మ వేయడం

ఈ బొమ్మ మొదలుపెట్టే ప్రతివాళ్లూ ముందుగా తెల్ల రంగు ట్యూబు మూత తీస్తారు. నేనూ అదే చేశాను. మీరు మాత్రం ఆ ట్యూబుని నాలుగు రోజులు పక్కన పెట్టి, ముందు దగ్గర్లో ఉన్న ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి రండి. మన గోదావరి డెల్టాలో చేపలు, రొయ్యలు ఉన్న ఊళ్లన్నిటికీ ఎక్కడో ఒకచోట ఐసు ఫ్యాక్టరీ ఉంటుంది. ఎందుకు వెళ్లమంటున్నానో చెప్తాను.

మాది నర్సాపురం. ఇరవై ఆరేళ్లు షాపుల బోర్డులు, పడవల మీద పేర్లు, గోడల మీద ప్రకటనలు రాసి బతికాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పడిపోయింది. ఇప్పుడు ఆదివారాలు పిల్లలకి డ్రాయింగ్ చెబుతూ, ఎవరైనా అడిగితే ఇళ్లలోకి బొమ్మలు వేసిస్తున్నాను. మూడేళ్ల కిందట సంక్రాంతికి, నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా వీధి కుర్రాడు ఒక పోస్టరు పట్టుకొచ్చాడు. హెండ్రిక్ అవర్‌కాంప్ అనే ఆయన 1608 ప్రాంతంలో వేసిన బొమ్మ. నీళ్లన్నీ గడ్డకట్టి ఉన్నాయి. దాని మీద ఊరు ఊరంతా ఆడుకుంటోంది. "ఇలాంటిదే, కానీ టౌను మధ్యలో నది ఉండేలా మా హాల్లోకి ఒకటి వేసిపెట్టండి మాష్టారూ" అన్నాడు.

సరే అన్నాను. నది మొత్తం తెల్లగా పూసి, పైన మనుషుల్ని పెట్టాను. చూడ్డానికి వచ్చిన వాళ్లమ్మగారు "ఉప్పుమళ్లు ఎంత బాగా కుదిరాయండీ" అన్నారు. ఆవిడ మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నారు, తప్పు బొమ్మది. రెండోసారి వేసిందే ఇప్పుడు వాళ్ల హాల్లో ఉంది. ఆ రెండిటి మధ్య నాలుగు నెలల్లో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పెద్దాయన గురించి రెండు ముక్కలు. అవర్‌కాంప్ 1585లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, ఎక్కువ కాలం కాంపెన్ అనే ఊళ్లో ఉండి, 1634లో అక్కడే పోయారు. ఐసెల్ నది ఒడ్డున ఉంటుంది కాంపెన్. ఆయనకి మాట లేదు. అప్పట్లో జనం ఆయన్ని 'కాంపెన్ మూగాయన' అనేవారు. ఈ బొమ్మ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. చెక్క మీద తైలవర్ణాలతో వేశారు, వెడల్పు 132 సెంటీమీటర్లు, ఎత్తు 77. అంటే వెడల్పు నాలుగున్నర అడుగులు కూడా లేదు. అంత జాగాలో అంతమంది మనుషులు. మా ఊళ్లో వలంధర రేవు ఉంది. వలందులంటే ఈ డచ్చివాళ్లే. ఆయన బొమ్మలు వేసిన ఆ 17వ శతాబ్దంలోనే వాళ్ల ఓడలు బట్టల కోసం మన తీరానికి వచ్చాయి, పాలకొల్లులో వాళ్ల వర్తక స్థావరం ఉండేది. ఆ రేవు మెట్ల మీద కూచుని ఈ పోస్టరు చూస్తుంటే, ఇక్కడ చెమటలు కక్కుతూ తానులు లెక్కపెట్టుకున్న వాళ్లకి ఈ మంచు ఎంత గుర్తొచ్చి ఉంటుందో అనిపించేది.

ఇక ఐసు ఫ్యాక్టరీ. ఇనప డబ్బాల్లో మంచినీళ్లు పోసి, చల్లటి ఉప్పునీళ్ల తొట్టిలో దింపుతారు. గడ్డకట్టాక డబ్బా పైకి లాగి, కాసేపు మామూలు నీళ్లలో ముంచి, దిమ్మని కిందకి జార్చేస్తారు. ఆ దిమ్మ దగ్గర కూచోండి. పక్కలు గాజులా ఉంటాయి. మధ్యలో మాత్రం పొడుగునా తెల్లటి పొర, కోడి ఈకలా నూగునూగుగా. నీళ్లు డబ్బా గోడల దగ్గర ముందు గడ్డకడతాయి. లోపలి గాలినంతా మధ్యకి నెట్టుకుంటూ పోతాయి. ఆ గాలి బుడగలు చివరికి నడుమ ఇరుక్కుపోతాయి. తెల్లగా కనిపించేది ఆ బుడగలే. ఐసు తెల్లగా ఉండదు. ఈ ఒక్కటి కంటికి తెలిస్తే సగం బొమ్మ వచ్చినట్టే.

నేను దిమ్మ వెనక పేపరు పెట్టి చూశాను, అక్షరాలు వంకరగా కనిపించాయి. గోనెపట్టా మీదకి జరిపితే గోధుమ రంగులోకి వచ్చింది. నీలం టార్పాలిన్ మీద నీలం. సిమెంటు నేల మీద బూడిద రంగు. ఊక చల్లితే అంచుల్లో పసుపు మెరిసింది. అక్కడ పనిచేసే కుర్రాడు "ఏంటండి మాష్టారూ, ఐసుని అలా చూస్తున్నారు, ఎప్పుడూ చూడనట్టు?" అన్నాడు. నిజంగానే అప్పటిదాకా చూడలేదు. ఐసుకి సొంత రంగు లేదు, కింద ఏముందో అదీ, పైన ఆకాశం ఏ రంగులో ఉందో అదీ కలిపి చూపిస్తుంది. నది మీద ఐసుకి కింద చీకటి నీళ్లు. అందుకని తుడిచినట్టు శుభ్రంగా ఉన్న చోట అది ముదురుగా, పాచి కలిసిన బూడిద రంగులో ఉండాలి. పైన మంచుపొడి పడ్డ చోట లేతగా ఉండాలి. జనం తిరిగి తిరిగి నలిగిన చోట గీతలు పడి మసకగా ఉండాలి. నదిని ఈ మూడు రకాల మచ్చలుగా విడదీసుకోండి. ఒకే రంగు పూస్తే ఉప్పుమడే అవుతుంది.

రంగులు ఆరు చాలు: టైటానియం వైట్, యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ బ్లూ, ఒక ఎరుపు. నల్ల రంగు వద్దు. అల్ట్రామెరీన్, బర్న్ట్ అంబర్ కలిపితే వచ్చే ముదురు రంగే మీ నలుపు. అందులో నీలం ఎక్కువైతే చల్లటి బూడిద, అంబర్ ఎక్కువైతే వెచ్చటి బూడిద. నేను ఆక్రిలిక్ వాడతాను, తొందరగా ఆరుతుంది, తప్పొస్తే పైన మళ్లీ వేసుకోవచ్చు. కాన్వాసు మూడడుగులు, రెండడుగులు. ముందు దాని మీద ఓకర్‌లో చిటికెడు సియెన్నా, తెలుపు కలిపి పల్చగా పూసి ఆరనివ్వండి. మన గోదావరి ఇసుక రంగు వస్తుంది. చలి బొమ్మకి అడుగున ఈ వెచ్చదనం ఎందుకని అడుగుతారు పిల్లలు. అవర్‌కాంప్ ఆకాశాలు చూడండి, నీలం తక్కువ, లేత పసుపు, గులాబి ఛాయ ఎక్కువ. కింద వెచ్చటి రంగు అక్కడక్కడ తొంగి చూస్తేనే పైన వేసిన చల్లటి బూడిద చల్లగా అనిపిస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన గీత. ఐ లెవెల్, అంటే మన కన్ను ఉన్న ఎత్తు. కాన్వాసు పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు కిందకి దిగి అడ్డంగా గీయండి. అంత పైన గీస్తేనే కింద జనం పట్టే జాగా ఉంటుంది. మనం ఒక డాబా మీద నిలబడి నదిని చూస్తున్నామనుకుందాం. డాబా ఎత్తు పదకొండడుగులు, దాని మీద మన కన్ను ఇంకో ఐదడుగులు, మొత్తం పదహారు. మనిషి సుమారు ఐదడుగుల చిల్లర, అంటే అందులో మూడో వంతు. గడ్డకట్టిన నది చదునుగా ఉంటుంది కాబట్టి ఈ లెక్క ఎక్కడా తప్పదు: మనిషి పాదాల దగ్గర నుంచి ఐ లెవెల్ గీత దాకా ఎంత దూరముందో కొలవండి, అందులో మూడో వంతే ఆ మనిషి ఎత్తు. పాదాలు గీతకి 30 సెంటీమీటర్లు కిందుంటే మనిషి 10 సెంటీమీటర్లు. 9 కిందుంటే 3. 3 కిందుంటే 1. అంతే. పిల్లల్ని కొంచెం తగ్గించండి, టోపీ పెట్టినవాళ్లని కొంచెం పెంచండి. నా మొదటి బొమ్మలో దూరంగా ఉన్నవాళ్లు ఐసు మీద కాకుండా గాల్లో తేలుతున్నట్టు ఉండడానికి కారణం ఈ లెక్క తెలియకపోవడమే.

జనాన్ని ఎక్కడ చూసి గీయాలి? ఫోన్లో స్కేటింగ్ ఫొటోలు వెతక్కండి, ముందు మన జనాన్ని గీయండి. అంతర్వేది కల్యాణానికి భీష్మ ఏకాదశి నాడు సముద్రం ఒడ్డున ఇసుక మీద ఎంత జనం ఉంటారో మీకు తెలుసు. ఎత్తుగా ఉన్న చోటు చూసుకుని చిన్న నోటుబుక్కు, బాల్ పెన్ పట్టుకుని కూచోండి. మొహాలు గీయకండి. ఒక్కో మనిషికి నాలుగు గీతలు మించకండి. మామూలు రోజుల్లో అయితే, వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున క్రికెట్ ఆడే కుర్రాళ్లని చూడండి. నిన్నటిదాకా పడవ తిరిగిన చోట ఈరోజు మనుషులు పరిగెడుతున్నారు. గడ్డకట్టిన నది మీది సంబరం కూడా సరిగ్గా ఇదే, నాలుగు రోజుల పాటు దొరికిన నేల. ఆ ఉత్సాహం మీ చేతిలోకి రావాలి.

చూస్తే మీకే తెలుస్తుంది, జనం ఎప్పుడూ సమంగా సర్దుకోరు. ముగ్గురు, నలుగురు గుంపుగా ఉంటారు, తర్వాత పెద్ద ఖాళీ, తర్వాత ఒంటరిగా ఒకడు, దూరంగా పెద్ద ముద్ద. ఖాళీలే బొమ్మకి ఊపిరి. మా క్లాసులో చెవులు వినపడని పిల్లాడు ఒకడున్నాడు. అందరూ మనుషుల ఒళ్లు గీస్తే వాడు ముందు చేతులు గీశాడు. పిలిచేవాడి చెయ్యి, వద్దనేవాడి చెయ్యి, పడబోతూ గాల్లో పట్టుకోవడానికి చూసేవాడి చెయ్యి. అప్పుడు పోస్టరు దగ్గరకెళ్లి మళ్లీ చూశాను. అవర్‌కాంప్ మనుషుల్లో మొహాలు చుక్కలే, సంగతంతా చేతుల్లోనూ నడుముల్లోనూ ఉంది. ఆ రోజు నుంచి జనం గీసే పాఠం ఆ పిల్లాడి నోటుబుక్కు చూపించే మొదలుపెడుతున్నాను.

స్కేటింగ్ చేసే మనిషిని గీయడానికి ఒక గుర్తు చెప్తాను. వానాకాలం బురదగట్టు మీద నడిచేటప్పుడు మనం ఏం చేస్తాం? ఒళ్లు బిగబట్టి, అడుగు నిటారుగా దించి, వేళ్లు నేలలో గుచ్చుతాం. జారకూడదని. స్కేటింగ్ చేసేవాడు దానికి పూర్తిగా తిరగేసి, జారడానికే ఒళ్లు వదిలేస్తాడు. నడుము ముందుకి వంగి, బరువంతా వంచిన ఒక మోకాలి మీద, రెండో కాలు వెనక్కి పక్కకి సాగి ఉంటుంది. బాగా వచ్చినవాడు చేతులు వెనక కట్టుకుంటాడు. కొత్తవాడు రెక్కల్లా చాస్తాడు. వంగిన వీపు ఒక గీత, సాగిన కాలు దానికి కొనసాగింపు, ఈ రెండూ ఒకే వంపులో రావాలి. నావలో గెడ వేసే మనిషి గెడ చివరికంటా నెట్టినప్పుడు ఒళ్లు ఎలా వాలుతుందో చూడండి, ఆ వాలు పనికొస్తుంది. ఆ కాలం స్కేట్లు చెక్కముక్కకి ఇనప బద్ద బిగించి బూటుకి తోలు పట్టీలతో కట్టుకునేవి, కొన్నిటికి ముందు కొస పైకి తిరిగి ఉంటుంది. సెంటీమీటరున్నర మనిషికి అది సన్నటి బ్రష్షుతో ఒక్క కొక్కెం.

అందరినీ స్కేటింగే చేయించకండి. కొందరు పొడుగు కర్రలతో బంతి కొడుతుంటారు. దాన్ని కోల్ఫ్ అనేవారు. ఒకావిడని చెక్కబండిలో కూచోబెట్టి మరొకాయన నెడుతుంటాడు. ఊరికే నిలబడి కబుర్లు చెప్పుకునే పెద్దవాళ్లుంటారు. బట్టలు ముదురు గోధుమ, బూడిద, ఆకుపచ్చ కలిసిన నలుపు. ఎరుపు మాత్రం ఏడెనిమిది మందికే ఇవ్వండి, అదీ దగ్గర నుంచి దూరానికి మెలికలు తిరిగే దారిలో. చూసేవాళ్ల కన్ను ఆ ఎరుపు పట్టుకుని నది పొడుగునా నడుస్తుంది.

దూరం కోసం మన ధనుర్మాసం చాలు. తెలుగులో మనం తెల్లారి కాలువ మీద కమ్మేదాన్నీ, హిమాలయాల మీద పడేదాన్నీ రెండిటినీ మంచే అంటాం. బొమ్మ వేసేవాడికి ఈ మాట అక్కరకొస్తుంది. తెల్లవారుజామున ఆరింటికి కాలువ గట్టున నిలబడి ఎదురుగా కొబ్బరిచెట్లు చూడండి. దగ్గర చెట్టుకి ఆకు లెక్కపెట్టొచ్చు. నాలుగోది నీడలా ఉంటుంది. పదోది ఉందో లేదో తెలియదు. అదే మెట్లు మీ బొమ్మలోకి తీసుకెళ్లండి: దగ్గరివాళ్లకి ముదురు రంగు, గట్టి అంచు. వెనక్కి పోతున్నకొద్దీ ప్రతి రంగులోనూ ఆకాశం రంగు ఎక్కువగా కలుపుతూ, అంచు తడి బ్రష్షుతో మెత్తబరచండి. ఐ లెవెల్ దగ్గర నదికీ ఆకాశానికీ మధ్య గీత ఎక్కడుందో కనిపించకపోతే ఇంకా మంచిది.

నీడల దగ్గర మనవాళ్లందరూ తప్పు చేస్తారు, ఎందుకంటే మన సూర్యుడు వేరు. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం నర్సాపురంలో సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, ఐదడుగుల మనిషి నీడ నాలుగడుగుల పైచిలుకు. అదే రోజు అదే వేళకి ఆమ్‌స్టర్‌డామ్‌లో సూర్యుడు 14 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు, అదే మనిషి నీడ దాదాపు ఇరవై అడుగులు. కాబట్టి ఎండ వేస్తే నీడలు మనిషికి నాలుగింతలు సాగాలి, అన్నీ ఒకే వైపు, లేత నీలంలో. అలా వేయడం కష్టమనిపిస్తే మబ్బు పట్టించండి. నీడలు పోతాయి. అప్పుడు పాదాల కింద మాత్రం సన్నటి ముదురు గీత ఒకటి ఇవ్వండి, లేదంటే మనిషి నేలని తాకడు. తుడిచిన ఐసు ఉన్న చోట బట్టల రంగుని పాదాల కింద నుంచి నిలువుగా కొంచెం కిందకి లాగి వేలితో చెరిపేయండి, ప్రతిబింబం వస్తుంది.

చెట్ల గురించి ఎక్కువ చెప్పను. ఆకులుండవు. ఆకు రాల్చిన బూరుగు చెట్టు కింద కూచుని కొమ్మ చీలిన ప్రతిచోటా ఎలా సన్నబడుతుందో గీసుకోండి. మంచు కొమ్మ పైభాగానే కూచుంటుంది, పక్కల కాదు, ఇళ్ల కప్పుల మీదా అంతే. ఇళ్లకి వాలు కప్పులు, మెట్లు మెట్లుగా ఉండే పిట్టగోడలు.

ఆ కుర్రాడు టౌను మధ్యలో నది కావాలన్నాడు కదా. దాని కోసం ఇంకో బొమ్మ చూశాను, అబ్రహాం హోండియస్ 1677లో వేసిన గడ్డకట్టిన థేమ్స్ నది. అక్కడ ఐసు చదునుగా లేదు, బండరాళ్లలా పెద్ద పెద్ద ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మనకి ఇది వెంటనే అర్థం కావాలి, ఎందుకంటే థేమ్స్‌కి కూడా మన గోదావరి పాయ వశిష్ఠలాగే పోటూ పాటూ ఉంది. పోటుకి నీరు పైకి లేస్తే ఐసు విరిగి, పాటుకి దిగి, మళ్లీ అతుక్కుంటుంది. వెనక కనిపించే పాత లండన్ వంతెన కూడా ఊరికే లేదు. దాని కమానులు చాలా ఇరుకు, స్తంభాల అడుగులు లావు, నీటిని లాకుల్లా ఆపేవి. నెమ్మదించిన నీరు తొందరగా గడ్డకట్టేది. 1683-84 చలికాలంలో ఆ నది మీద వీధులు వీధులుగా దుకాణాలు పెట్టారు, అచ్చు యంత్రం కూడా పెట్టారు. అలాంటి సంత చివరిసారి 1814లో జరిగింది. 1831లో పాత వంతెన తీసేయడం మొదలుపెట్టారు. అందుకని మీరు వంతెన పెడితే కమానులు ఇరుగ్గా పెట్టండి, దాని దగ్గర ఐసుని ముక్కలు ముక్కలుగా పేర్చండి, మధ్య నదిలో చదును చేయండి. ఒడ్డున ఒకటి రెండు పడవలు ఐసులో బిగుసుకుని ఓ పక్కకి ఒరిగి ఉండాలి. పడవ అడుగున ప్రతిబింబం వద్దు, అక్కడ నీళ్లు లేవు.

చివర్లో ఎడమ మూల కోసం కొంచెం ఓపిక దాచుకోండి. అవర్‌కాంప్ బొమ్మలో ఆ మూల ఒక పాత తలుపు ఉంది. దాన్ని ఒక కర్రతో ఏటవాలుగా నిలబెట్టారు. కింద పక్షులు మేస్తున్నాయి. కర్రకి కట్టిన తాడు లాగితే తలుపు పడుతుంది, పక్షులు దొరుకుతాయి. నాకు ఒళ్లు ఝల్లుమంది. చిన్నప్పుడు గాదె పక్కన గంప బోర్లించి, కింద పుల్ల నిలబెట్టి, నూకలు చల్లి, తాడు పట్టుకుని తలుపు చాటున నక్కి పిచ్చుకల కోసం మేం చేసిందీ అదే. మీ బొమ్మలో ఆ మూల తలుపే పెట్టాలని లేదు. కానీ ఆడుకునే జనానికి దూరంగా, ఎవరూ చూడని ఒక చిన్న సంగతి ఉండాలి. నేను గంప పెట్టాను.

ఇప్పుడు తెల్ల రంగు. కలపకుండా, నేరుగా, చాకు కొసతో: మూడు నాలుగు చోట్ల కప్పు అంచున, ఒక పడవ అంచున, స్కేట్లు గీసిన రెండు మూడు గీతల్లో. అంతకు మించి వద్దు. వార్నిష్ వెంటనే వేయకండి, వారం ఆగండి, ముసురు పట్టిన రోజు అసలే వద్దు, మన తేమకి పాలలా తెల్లబడుతుంది.

ఆ వారం ఆగడం మంచిదైంది. రెండో బొమ్మ చూడ్డానికి వాళ్లమ్మగారు వచ్చారు. ఈసారి దూరం నుంచి ఏమీ అనలేదు, దగ్గరికెళ్లి కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. వంతెన కింద వెల్లకిలా పడిపోయిన ఒకాయన్ని వేలితో చూపించి, "ఈయన్ని ఎవరూ లేపరేంటండీ, పాపం, ఎంతసేపటి నుంచి పడున్నాడో" అన్నారు. ఆవిడ వెళ్లాక సన్న బ్రష్షు తడిపి, పక్కన వెళ్తున్నావిడ చెయ్యి అతని వైపు చాపాను. పావుగంట పట్టింది.